రాబెన్‌ది ఒకే ఎత్తుగడా? ఎడమకాలి పిల్లవాడిని కుడి అంచున ఆడించవచ్చా?

ఎడమకాలి_నాన్న

మా అబ్బాయికి పదమూడేళ్లు. అన్నం కుడిచేత్తోనే తింటాడు, రాయడమూ కుడిచేత్తోనే, బంతిని మాత్రం ఎడమకాలితో తప్ప తన్నడు. ఉప్పల్ వైపు ఒక ఫుట్‌బాల్ అకాడమీలో రెండేళ్లుగా నేర్చుకుంటున్నాడు. అక్కడి కోచ్ వాడిని ఎడమ అంచున నిలబెట్టి, సున్నపు గీత వెంబడి పరుగెత్తి క్రాస్ వేయడమే, అంటే అంచు నుంచి గోల్ ముందుకు బంతి పంపడమే నీ పని అని చెబుతారు. మావాడు మాత్రం సందు దొరికితే కుడివైపుకు వెళ్లిపోయి, అక్కడి నుంచి లోపలికి మళ్లి ఎడమకాలితో గోల్ మీదికి కొట్టాలని చూస్తాడు. తప్పు నాదే, వాడికి డచ్ ఆటగాడు అర్యెన్ రాబెన్ వీడియోలు చూపించి పాడుచేసింది నేనే.

పోయిన ఆదివారం కోచ్ నన్ను పక్కకు పిలిచి, రాబెన్‌కు వచ్చింది ఒక్కటే విద్య అనీ, దాన్ని నమ్ముకుంటే పిల్లవాడు ఎందుకూ కొరగాకుండా పోతాడనీ అన్నారు. నాకు రెండు సందేహాలు ఉన్నాయి. లోకమంతటికీ తెలిసిన ఒకే ఎత్తుగడతో ఒక మనిషి యూరప్‌లోని పెద్ద క్లబ్బులలో అన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చాడు? అసలు అతను మొదటి నుంచీ కుడి అంచునే ఆడాడా?

సందేహాల_పుట్ట

మా లెక్కల మాస్టారు పరీక్షలో ఏ లెక్క ఇస్తారో ప్రతి ఏడాదీ ముందే తెలిసేది. అయినా నాకు ముప్పై అయిదు మార్కులు ఎన్నడూ దాటలేదు. కాబట్టి తెలియడం వేరు, ఆపడం వేరు అని అనుభవం మీద చెప్పగలను.

బెజవాడ_బ్యాక్

పై సభ్యులు నవ్వులాటగా అన్నా అసలు సంగతి అదే. నేను కాలేజీ జట్టులో ఆరేళ్లు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ అంచున కాపలా కాసే డిఫెండరుగా ఆడాను కనుక, రాబెన్ ఎదురుపడే స్థానంలో నిలబడేవాడి బాధ ఎలా ఉంటుందో చెబుతాను.

ఆ వీడియోలు చూసేటప్పుడు షాట్‌ను చూడకండి, షాట్‌కు ముందు వేసే అయిదారు అడుగులను చూడండి. లోపలికి మళ్లాక దాదాపు ప్రతి అడుగుకూ ఒకసారి బంతిని ఎడమకాలి బయటి అంచుతో తాకుతూ, పెనాల్టీ బాక్స్ గీతకు సమాంతరంగా పరుగెత్తుతాడు. బంతి పాదానికి జానెడు దూరంలోనే ఉంటుంది. అంటే ప్రతి అడుగులోనూ అతను షాట్ కొట్టగలడు, ప్రతి అడుగులోనూ మానుకోగలడు. డిఫెండరుకు ఆ వెసులుబాటు లేదు. అడ్డుపడాలంటే కాలు చాపాలి, చాపిన మరుక్షణం ఒంటికాలి మీద ఉండిపోతాడు, అప్పటికి రాబెన్ ఇంకో అడుగు ముందుంటాడు. కాలు చాపకుండా పక్కనే పరుగెడితే, అదే అడుగులో కొట్టేస్తాడు. దొంగ ఏ గోడ దూకుతాడో తెలిసినా ఏ జాముకు దూకుతాడో తెలియకపోతే కాపలా కాసి ప్రయోజనం ఏమిటి?

కాబట్టి కోచ్ గారు చెప్పినదానిలో ఒక అచ్చుతప్పు ఉంది. దిక్కు ఒక్కటే, సమయాలు మాత్రం చాలా ఉన్నాయి.

పాత_స్కోర్‌బుక్

ఎడమకాలి_నాన్న గారి రెండో ప్రశ్నకు జవాబు: లేదు, అతను మొదట ఎడమ అంచు వింగరే. 1984 జనవరి 23న నెదర్లాండ్స్ ఉత్తర ప్రాంతంలో, గ్రోనింగెన్ నగరానికి దగ్గరలోని బేడమ్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. చిన్నతనంలో నేర్చుకున్నది కూవర్ పద్ధతి. డచ్ కోచ్ వీల్ కూవర్ పేరుమీద వచ్చిన ఈ పద్ధతిలో జట్టు వ్యూహం కంటే ముందు, ఒక్కొక్క పిల్లవాడికీ బంతి మీద పట్టు వచ్చే కసరత్తులను వందలసార్లు చేయిస్తారు. బెజవాడ_బ్యాక్ గారు చెప్పిన ఆ అడుగడుగునా తాకడం అక్కడి నుంచి వచ్చినదే అని నా నమ్మకం.

2000లో, ఇంకా పదిహేడు నిండకముందే, ఎఫ్‌సీ గ్రోనింగెన్ పెద్దల జట్టులోకి వచ్చాడు. 2002లో పీఎస్‌వీ ఐండ్‌హోవెన్‌కు వెళ్లి, మొదటి సీజన్‌లోనే డచ్ లీగ్ గెలిచాడు. 2004 యూరో పోటీలలో చెక్ జట్టు మీద నెదర్లాండ్స్ ఆధిక్యంలో ఉండగా కోచ్ డిక్ అడ్వొకాట్ ఇరవై ఏళ్ల రాబెన్‌ను బయటికి పిలిచి, డిఫెన్స్ గట్టిపరచడానికి మరొకరిని దించాడు. ఆ మ్యాచ్ 3-2తో ఓడిపోయారు. ఆ మార్పును డచ్ అభిమానులు ఇప్పటికీ క్షమించలేదు. అదే టోర్నీ క్వార్టర్ ఫైనల్‌లో స్వీడన్ మీద పెనాల్టీల పోరును గెలిపించిన చివరి కిక్ కూడా రాబెన్‌దే.

ఆ తర్వాతే విదేశాలు మొదలయ్యాయి. లండన్‌లోని చెల్సీలోనూ, స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్‌లోనూ ఎడమ అంచునే ఆడాడు. ఈనాడు మనకు తెలిసిన కుడి అంచు రాబెన్ పుట్టింది 2009లో, ఇరవై అయిదేళ్ల వయసులో, మ్యూనిక్‌లో.

నీలిజెండా

స్కోర్‌బుక్ గారితో ఒక చోట విభేదించాలి. చెల్సీలో ఎడమ అంచుకే పరిమితమయ్యాడనడం సరికాదు. కోచ్ మొరిన్యో జట్టులో ఒకవైపు డేమియన్ డఫ్, ఒకవైపు రాబెన్ ఉండేవారు, ఇద్దరూ ఎడమకాలి ఆటగాళ్లే, మ్యాచ్ మధ్యలో వైపులు మార్చుకునేవారు. ఎదుటి ఫుల్‌బ్యాక్ (అంచున కాపలా కాసే డిఫెండరు) ఒకరికి అలవాటుపడేలోగా రెండోవాడు వచ్చి నిలబడేవాడు. కుడి అంచు విత్తనం లండన్‌లోనే పడింది, మ్యూనిక్‌లో చెట్టయింది అంటే ఒప్పుకుంటాను.

మరో సంగతి. సుమారు 1.2 కోట్ల పౌండ్లకు కొన్న ఆటగాడు సీజన్ మొదలుకాకముందే, రోమాతో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో పాదం ఎముక విరగ్గొట్టుకున్నాడు. తిరిగి వచ్చాక నవంబరులో మాస్కోలో సీఎస్‌కేఏ మీద 1-0, నాలుగు రోజులకు ఎవర్టన్ మీద 1-0, రెండు గోల్స్ అతనివే. ఆ నెల ప్రీమియర్ లీగ్ ఉత్తమ ఆటగాడు కూడా అతనే. అంతకుముందు మా జట్టు గెలుస్తున్నా చప్పగా గెలిచేది. 1955 తర్వాత యాభై ఏళ్లకు వచ్చిన ఆ లీగ్ టైటిల్‌ను తలచుకుంటే, మా ఇంట్లో ఇప్పటికీ మొదట వచ్చే పేరు లాంపార్డ్‌ది కాదు, రాబెన్‌దే. తర్వాతి ఏడాది కూడా లీగ్ గెలిచాడు, 2007లో వెళ్లిపోయాడు.

సందేహాల_పుట్ట

పీఎస్‌వీలో అతనికి జతగా కెజ్‌మన్ ఉండేవాడు. బ్యాట్‌మన్, రాబిన్ అనే కామిక్ జంట పేరు మీద వాళ్లిద్దరినీ కలిపి బ్యాట్‌మన్ అండ్ రాబెన్ అనేవారు. 2004లో ఇద్దరూ చెల్సీకే వచ్చారు. చిత్రం ఏమిటంటే అక్కడ బ్యాట్‌మన్ తేలిపోయాడు, పక్కవాడే కథానాయకుడయ్యాడు.

తెల్లచొక్కా_మద్రీదు

మా రియల్ మాడ్రిడ్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు కొంచెం ఊరటగానే ఉంది, ఎందుకంటే ఇది మేము తలదించుకోవలసిన కథ. 2007లో సుమారు 3.5 కోట్ల యూరోలు పోసి కొన్నారు. గాయాల మధ్యనే మొదటి సీజన్ లీగ్ గెలిచాడు. 2009 వేసవిలో ఫ్లొరెంతీనో పెరెజ్ మళ్లీ అధ్యక్షుడై రొనాల్డోను, కాకాను తెచ్చాక ఇంట్లో చోటు చాలలేదు. రాబెన్ వెళ్లనన్నాడు, అయినా పంపించారు. సుమారు 2.5 కోట్ల యూరోలకు మ్యూనిక్ క్లబ్ బయర్న్ పట్టుకుపోయింది. అదే వేసవిలో, అదే కారణంగా, వెస్లీ స్నైడర్‌ను ఇంటర్ మిలాన్‌కు ఇచ్చేశారు.

2010 మే 22న యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఎక్కడ జరిగిందో తెలుసా? మా శాంతియాగో బెర్నబ్యూలోనే. ఎవరెవరు ఆడారు? బయర్న్, ఇంటర్. వద్దనుకుని పంపించిన ఇద్దరు డచ్ ఆటగాళ్లు చెరో జట్టులో నిలబడి మా మైదానంలో ఫైనల్ ఆడుతుంటే, మేము టీవీలో చూశాము. ఇంటర్ 2-0తో గెలిచింది. ఇల్లు అమ్ముకున్నవాడు గృహప్రవేశానికి వెళ్లి భోజనం చేసి వచ్చినట్లయింది మా పని.

ఇసార్_ఒడ్డున

పదహారేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను. నేను ఉద్యోగానికి వచ్చిన నెలలోనే రాబెన్ కూడా ఉద్యోగంలో చేరాడు కనుక నాకు అతని మీద బ్యాచ్‌మేట్ అభిమానం ఉంది. ఆగస్టు 28న ఒప్పందం అయింది, 29న వోల్ఫ్స్‌బర్గ్‌తో మ్యాచ్. రెండో అర్ధభాగంలో దిగి రెండు గోల్స్ కొట్టాడు. అంతకుముందు సీజన్ జర్మన్ ఛాంపియన్ వోల్ఫ్స్‌బర్గే. బయర్న్ 3-0తో గెలిచింది. మా ఆఫీసులోని జర్మన్ సహోద్యోగి సోమవారం ఉదయం కాఫీ కప్పును బల్ల మీద పెట్టి, వేలితో బల్ల అంచు నుంచి లోపలికి ఒక గీత గీసి చూపించాడు. నాకు అప్పటికి జర్మన్ భాష రాదు, ఆ గీత మాత్రం అర్థమయింది.

ఇక్కడ చెప్పవలసిన ముఖ్య విషయం మరొకటి ఉంది. రాబెన్ ఎత్తుగడలో సగం ఫిలిప్ లామ్‌ది. కోచ్ వాన్ హాల్ శిక్షణలో లామ్ కుడి ఫుల్‌బ్యాక్ స్థానానికి తిరిగి వచ్చాడు. రాబెన్ బంతితో నిలబడగానే లామ్ వెనుక నుంచి వచ్చి, అతని బయటివైపు గీత వెంబడి పరుగెత్తేవాడు. డిఫెండరు లామ్ వైపు ఒక్క అడుగు వేసినా లోపలి దారి తెరుచుకున్నట్లే. వేయకపోతే లామ్‌కు బంతి అందుతుంది. పదిసార్లలో ఏడుసార్లు లామ్‌కు బంతి రాదు, అయినా పదిసార్లూ పరుగెత్తేవాడు. అవతలి అంచున కుడికాలి రిబెరి ఎడమవైపు నుంచి అదే పని అద్దంలో చూసినట్లు చేసేవాడు. వింగర్లు ఇద్దరూ లోపలికి వస్తుంటే వెడల్పును నిలబెట్టవలసిన భారం ఫుల్‌బ్యాక్‌లదే అయింది.

వాల్తేరు_కోచ్

పై సమాధానాన్ని ఎడమకాలి_నాన్న గారు రెండుసార్లు చదవాలని నా మనవి. పాఠశాల స్థాయిలో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు ఆట నేర్పుతున్నాను. మీ కోచ్ మాట కటువుగా ఉండవచ్చు కానీ ఆయన ఇబ్బంది నాకు అర్థమవుతుంది.

పదమూడేళ్ల పిల్లల జట్టులో లామ్ ఉండడు. బయటివైపు పరుగెత్తే ఫుల్‌బ్యాక్ లేకుండా వింగర్ లోపలికి వస్తే ఏమవుతుంది? మధ్యలో అప్పటికే ఉన్న ఆరుగురి మీదికి తనతోపాటు ఇంకో డిఫెండర్‌ను తీసుకువచ్చి పడేస్తాడు. పెళ్లి భోజనాల దగ్గర అందరూ ఒకే వాకిలి నుంచి తోసుకున్నట్లు ఉంటుంది. రెండోది, ఆ వయసులో కుడి అంచున ఎడమకాలితో గోల్స్ వస్తున్నాయని వదిలేస్తే, కుడికాలు జీవితాంతం నిలబడడానికే తప్ప ఇంకెందుకూ పనికిరాదు. రాబెన్ కుడికాలు అతని బలహీనతే. అతనికి చెల్లింది, ఎందుకంటే అంత వేగమూ, అంత పట్టూ ఉన్నాయి. మీ అబ్బాయికి ఉన్నాయా అని నేను అడగడం లేదు, కానీ కోచ్ అడుగుతారు.

అయినా కుడి అంచున అసలు ఆడించకపోవడం కూడా తప్పే. నేనైతే వారానికి ఒక సాధన మ్యాచ్‌లో వైపు మార్చి ఆడిస్తాను.

బెజవాడ_బ్యాక్

వాల్తేరు_కోచ్ గారి కుడికాలి సిద్ధాంతానికి ఒక చిన్న సవరణ చేస్తాను. డిఫెండరు భయపడేది ఎదుటివాడి కుడికాలు ఎంత గొప్పదని కాదు, ఎప్పుడో ఒకసారి వాడతాడేమో అని. నాలుగు వారాలకు ఒకసారి గీత వెంబడి వెళ్లి కుడికాలితో క్రాస్ వేస్తే చాలు, తర్వాతి నాలుగు వారాలూ ఫుల్‌బ్యాక్ మనసులో ఆ దారి తెరిచే ఉంటుంది. డచ్ వాళ్లలో ఇది రాబెన్‌తో మొదలు కాలేదు. తొంభైలలో ఆర్సెనల్‌కు ఆడిన మార్క్ ఓవర్‌మార్స్ కుడికాలివాడు, ఆడింది ఎడమ అంచున. అతనిదీ ఇదే వరస, కాకపోతే అతను బయటికి కూడా అంతే తరచుగా వెళ్లేవాడు.

అర్ధరాత్రి_టీవీ

ఎత్తుగడ గురించి ఇంత మాట్లాడుతున్నారు కానీ, రాబెన్ పేరు వింటే నాకు మొదట గుర్తుకు వచ్చేది ఎత్తుగడ కాదు, ఒక బొటనవేలు.

2010 జూలై 11, జొహానెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్. మనకు సరిగ్గా రాత్రి పన్నెండుకు మొదలైంది. మరునాడు నాకు ఉద్యోగపు ఇంటర్వ్యూ ఉండడంతో, అమ్మ నిద్రలేచి కేకలేస్తుందని ధ్వని పూర్తిగా తగ్గించి చూస్తున్నాను. 62వ నిమిషంలో స్నైడర్ పాస్‌తో రాబెన్ ఒంటరిగా స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ మీదికి వెళ్లాడు. కసియాస్ ఒకవైపు పడిపోయాడు, బంతి రెండోవైపు వెళ్లింది. అయిపోయింది అనుకున్నాను. వెనుక మిగిలిపోయిన కసియాస్ కుడికాలి చివర తగిలి బంతి గోల్ పక్క నుంచి బయటికి పోయింది. శబ్దం లేదు కనుక నాకు ఒక క్షణం అది గోలేమో అని కూడా అనిపించింది. 116వ నిమిషంలో స్పెయిన్ ఆటగాడు ఇనియెస్తా గోల్ కొట్టాడు. ఇంటర్వ్యూలో కళ్లు ఎర్రగా ఉన్నాయేమని అడిగితే కండ్లకలక అని చెప్పాను, ఉద్యోగం ఇవ్వలేదు.

2012 మే 19న మళ్లీ అదే వరస. బయర్న్ సొంత మైదానంలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ప్రత్యర్థి అతని పాత చెల్సీ, అదనపు సమయంలో పెనాల్టీ, రాబెన్ కొట్టాడు, చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ పట్టేశాడు. చెక్ అతనితో మూడేళ్లు సాధన చేసినవాడు. అంతకు నెలకు పైగా ముందు లీగ్‌ను తేల్చిన డార్ట్‌మండ్ మ్యాచ్‌లోనూ అతని పెనాల్టీని వాళ్ల గోల్‌కీపర్ వైడెన్‌ఫెలర్ ఆపేశాడు.

కండరం_కబుర్లు

వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును కనుక 2010 గురించి నా వైపు నుంచి చెబుతాను. ఆ ప్రపంచకప్‌కు వారం ముందు, జూన్ 5న హంగరీతో స్నేహపూర్వక మ్యాచ్ చివరిలో, మడమతో బంతిని వెనక్కి తట్టబోయి తొడ వెనుక కండరం పట్టేసింది. జట్టుతో పాటు వెళ్లకుండా ఇంటి దగ్గర చికిత్స తీసుకుని, తర్వాత దక్షిణాఫ్రికా చేరి, గ్రూప్‌లో మూడో మ్యాచ్‌కు దిగాడు. ఫైనల్ దాకా ఆడాడు. తిరిగి మ్యూనిక్ వెళ్లాక బయర్న్ వైద్యులు పరీక్షిస్తే ఆ కండరంలో పెద్ద చీలిక కనిపించింది. ఆ ఏడాది మిగిలిన నెలలన్నీ ఆటకు దూరమయ్యాడు.

తొడ వెనుక కండరం పరుగు మొదలుపెట్టేటప్పుడు కంటే, ముందుకు విసిరిన కాలిని ఆపేటప్పుడు ఎక్కువ చిరుగుతుంది. రాబెన్ ఆట అంతా అదే. పూర్తి వేగం, హఠాత్తుగా తగ్గడం, దిక్కు మార్చడం, మళ్లీ పూర్తి వేగం. పత్రికలు గాజు మనిషి అని వెక్కిరించేవి. గాజు అనడం న్యాయం కాదు. గీత వెంబడి తిన్నగా పరుగెత్తి క్రాస్ వేసే వింగర్ అయి ఉంటే ఇన్ని గాయాలు అయ్యేవి కావు, ఇన్ని గోల్స్ కూడా వచ్చేవి కావు. పదమూడేళ్ల పిల్లవాడి తండ్రి ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. సాధనకు ముందు తప్పనిసరిగా ఒళ్లు వేడెక్కించమనండి.

ఇసార్_ఒడ్డున

కండరం_కబుర్లు గారి కథకు మా ఊరిలో జరిగిన రెండో అంకం ఉంది. ఆ చీలిక కారణంగా బయర్న్ క్లబ్‌కూ డచ్ ఫుట్‌బాల్ సంఘానికీ పెద్ద తగాదా అయింది. చివరికి నష్టపరిహారం కింద నెదర్లాండ్స్ జట్టు మ్యూనిక్ వచ్చి బయర్న్‌తో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడాలని రాజీ కుదిరింది. తేదీ 2012 మే 22. అర్ధరాత్రి_టీవీ గారు చెప్పిన ఆ పెనాల్టీ పోయి మూడు రోజులే అయింది.

ఆ మ్యాచ్ టికెట్ చవకగా దొరికిందని నేను వెళ్లాను. రాబెన్ నారింజ చొక్కాలో, అంటే ఎదుటి జట్టు తరఫున, రెండో అర్ధభాగంలో దిగాడు. అతని కాలికి బంతి తగిలిన ప్రతిసారీ బయర్న్ అభిమానులు ఈలలు వేశారు. మనకు ఈల అంటే సంబరం, ఇక్కడ ఈల అంటే ఛీ కొట్టడం. నా పక్కన కూర్చున్న పెద్దాయన మెడలో బయర్న్ మఫ్లర్ ఉంది, ఆయన ఈల వేయలేదు, చప్పట్లు కొట్టలేదు, మఫ్లర్ తీసి మడిచి ఒడిలో పెట్టుకున్నాడు. ఏ కాలి గాయం కోసం ఆ మ్యాచ్ పెట్టారో, ఆ కాలివాడినే ఆ మ్యాచ్‌లో ఛీ కొట్టారు. మరునాడు క్లబ్ పెద్దలు ఎంత తిట్టుకున్నా జరిగిపోయింది జరిగిపోయింది. ఆ రాత్రి అతను ఊరు విడిచి వెళ్లిపోతాడనే నేను అనుకున్నాను.

పాత_స్కోర్‌బుక్

వెళ్లిపోకపోవడమే అతని జీవితంలో పెద్ద మలుపు. 2012-13 సీజన్‌లో కోచ్ హైంకెస్ జట్టులో అతనికి చోటు ఖాయం కాదు. 2013 ఏప్రిల్ 2న యువెంటస్‌తో క్వార్టర్ ఫైనల్‌లో టోనీ క్రూస్ గాయపడి పావుగంటకే బయటికి వెళ్లకపోతే, ఆ వసంతమంతా రాబెన్ బెంచీ మీదనే కూర్చునేవాడేమో. సెమీఫైనల్‌లో బార్సిలోనా మీద 4-0, 3-0. రెండు మ్యాచ్‌లలోనూ అతని గోల్ ఉంది.

మన సికింద్రాబాద్‌లో పుట్టి, కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ తరఫున వెలిగిన తులసీదాస్ బలరామ్ 1962 ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన మరుసటి ఏడాదే, అనారోగ్యం వల్ల ఇరవై ఏడేళ్లకు ఆట మానుకోవలసి వచ్చింది. రాబెన్ ఇరవై ఎనిమిది నిండాక ఈలలు వేయించుకుని, ఆ తర్వాత అసలు ఫలం అందుకున్నాడు. శరీరం ఎవరికి ఎన్నాళ్లు గడువిస్తుందో చెప్పలేము.

నీలిజెండా

ఈలల కంటే ముందు ఇంకోటి ఉంది. 2012 ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్‌తో సెమీఫైనల్ విరామ సమయంలో, ఫ్రీకిక్ ఎవరు కొట్టాలన్న మాట మీద రిబెరి రాబెన్ మీద చేయి చేసుకున్నాడని పత్రికలన్నీ రాశాయి. ఏడాది తిరిగేసరికి ఆ ఇద్దరే కలిసి లండన్ వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను గెలిపించిన గోల్ కొట్టారు.

అర్ధరాత్రి_టీవీ

వెంబ్లీ ఫైనల్‌ను ఎవరూ సరిగా చూడలేదని నా ఫిర్యాదు. 2013 మే 25. డార్ట్‌మండ్ మీద బయర్న్ 2-1. మొదటి అర్ధభాగంలో రాబెన్ రెండు మూడు అవకాశాలు పోగొట్టుకున్నాడు. ఒకసారి కొట్టిన బంతి తిన్నగా వైడెన్‌ఫెలర్ ముఖానికే తగిలింది. మళ్లీ అదే జాతకం అనుకుని నేను దుప్పటి కప్పుకున్నాను.

తర్వాత వచ్చిన రెండు బయర్న్ గోల్స్‌నూ గమనించండి. మొదటిది 60వ నిమిషంలో. రాబెన్ బాక్స్‌లో ఎడమవైపు, అవును, ఎడమవైపు దూసుకుపోయి గోల్ ముందుకు బంతి అందిస్తే మాంజుకిచ్ తోశాడు. గుండోవన్ పెనాల్టీతో సమం చేశాడు. రెండోది 89వ నిమిషంలో. రిబెరి మడమతో వెనక్కి తట్టిన బంతిని అందుకుని, రాబెన్ మైదానం నడిమధ్య నుంచి ఇద్దరి మధ్యగా దూరిపోయాడు. గోల్‌కీపర్ ముందుకు రాగానే ఎడమకాలితో మెల్లగా, ఎంత మెల్లగా అంటే నాకు లేచి నిలబడే వ్యవధి దొరికింది, పక్క నుంచి దొర్లించాడు. కుడి అంచూ లేదు, లోపలికి మళ్లడమూ లేదు, గట్టి షాటూ లేదు. జీవితంలోని అతి పెద్ద గోల్‌లో ఆ ప్రసిద్ధమైన ఎత్తుగడ జాడే లేదు. ఒక్కటే విద్య అనే కోచ్ గారికి ఇది చూపించండి.

సందేహాల_పుట్ట

దుప్పటి తీసి చూసినందుకు అభినందనలు. అయితే అతని రెండో విద్య గురించి ఎవరూ ఎత్తడం లేదేమిటి? పడిపోవడం.

బెజవాడ_బ్యాక్

నేనే ఎత్తుదామనుకుంటున్నాను. 2014 ప్రపంచకప్‌లో మెక్సికో మీద ఆఖరి క్షణాలలో వచ్చిన పెనాల్టీ నాకు నేటికీ మింగుడుపడదు. మార్కెజ్ కాలు తగిలిన మాట నిజమే కావచ్చు, కానీ ఆ ఎగరడం ఏమిటి? అదే మ్యాచ్ మొదటి అర్ధభాగంలో ఒకసారి కావాలనే పడ్డానని తానే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. డిఫెండర్లకు అతనంటే ఉన్న కోపంలో సగం ఈ కారణం వల్లే.

అర్ధరాత్రి_టీవీ

ఒప్పుకుంటాను, కానీ 2010 ఫైనల్ 83వ నిమిషాన్ని కూడా లెక్కలో వేయండి. స్పెయిన్ డిఫెండర్ పుయోల్ వెనుక నుంచి పట్టుకుని లాగుతున్నా రాబెన్ పడకుండా పరుగెత్తాడు, కసియాస్ వచ్చి బంతి పట్టేశాడు. రెఫరీని నిలదీసినందుకు తనకే పసుపు కార్డు వచ్చింది. ఆ రోజు పడి ఉంటే ఫ్రీకిక్, బహుశా పుయోల్‌కు కార్డు దక్కేవి. నిలబడినందుకు ఏమీ రాలేదు. నాలుగేళ్ల తర్వాత ఎగిరినప్పుడు ఆ సంగతి అతనికి గుర్తుందేమో.

బెజవాడ_బ్యాక్

ఇది నేను ఆలోచించని వాదన. ఒప్పుకోను, కానీ కొట్టివేయలేను.

తెల్లచొక్కా_మద్రీదు

2014 అంటే నాకు మెక్సికో కాదు, సాల్వడార్‌లో స్పెయిన్ మీద 5-1. చివరి గోల్‌లో రామోస్ అతని కంటే ముందు బయలుదేరి వెనుకబడిపోయాడు. కసియాస్ నేల మీద పాకుతుంటే చుట్టూ తిరిగి మరీ కొట్టాడు. బొటనవేలి బాకీ వడ్డీతో సహా తీరింది. ఆ టోర్నీలో మూడో ఉత్తమ ఆటగాడిగా అతనికి కాంస్య బంతి ఇచ్చారు. అప్పటికి వయసు ముప్పై.

పాత_స్కోర్‌బుక్

లెక్కలు అడగకపోయినా రాయడం నా బలహీనత. బయర్న్‌కు పదేళ్లలో 309 మ్యాచ్‌లు, 144 గోల్స్, ఎనిమిది లీగ్ టైటిళ్లు, అయిదు జర్మన్ కప్పులు. నాలుగు దేశాలలోనూ లీగ్ గెలిచాడు. నెదర్లాండ్స్‌కు 96 మ్యాచ్‌లు, 37 గోల్స్. చివరి రెండు గోల్స్ 2017 అక్టోబరు 10న స్వీడన్ మీద కొట్టినవి. గెలిచినా ప్రపంచకప్‌కు అర్హత రాలేదు, ఆ రాత్రే దేశం తరఫున ఆడడం మానేశాడు. 2019 మేలో ఫ్రాంక్‌ఫర్ట్ మీద చివరి లీగ్ మ్యాచ్‌లో రిబెరి, రాబెన్ ఇద్దరూ బెంచీ నుంచి దిగి చెరో గోల్ కొట్టి వెళ్లారు.

వేసవిలో ఆట మానేసినట్లు ప్రకటించినవాడు 2020లో గ్రోనింగెన్ క్లబ్ కష్టకాలంలో ఉందని తిరిగి వచ్చాడు. మొదటి లీగ్ మ్యాచ్ తన పాత పీఎస్‌వీతోనే, మొదటి అర్ధభాగంలోనే గాయపడి బయటికి వెళ్లిపోయాడు. 2021 మేలో ఎమెన్ మీద 4-0 మ్యాచ్‌లో రెండు గోల్స్‌కు పాస్‌లు అందించి, జూలైలో ఈసారి నిజంగానే మానేశాడు.

ఎడమకాలి_నాన్న

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. ఈ చర్చ మొత్తం మా అబ్బాయితో చదివించాను. లామ్ గురించి రాసిన భాగం వాడికి బాగా నచ్చింది. అన్నిటికంటే పుయోల్ లాగినా పడకపోవడం నచ్చిందట.

శనివారం సాయంత్రం కోచ్ గారి దగ్గరికి వెళ్లి, వాల్తేరు_కోచ్ గారు చెప్పిన వారానికొక సాధన మ్యాచ్ ప్రతిపాదన పెట్టాను. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండి, చివరి పది నిమిషాలు కుడి అంచున ఆడించడానికి ఒప్పుకున్నారు, కుడికాలితో మూడు క్రాస్‌లు వేస్తేనే ఒకసారి లోపలికి మళ్లాలన్న షరతు మీద. మావాడు కుడికాలితో మూడు క్రాస్‌లు వేశాడు, మూడూ గోల్ వెనక్కే పోయాయి. నాలుగోసారి లోపలికి మళ్లాడు. ఇద్దరు పిల్లలు కాళ్లు చాపి అడ్డం పడ్డారు, వాళ్లను దాటాడు. కొట్టాడు. బంతి గోల్ పైనుంచి, ప్రహరీ పైనుంచి వెళ్లి పక్కింటి డాబా మీది నీళ్ల ట్యాంకుకు తగిలింది. ఆ ఇంటివారు ఊళ్లో లేరు.

వాల్తేరు_కోచ్

ఇద్దరిని దాటాడు కదా, అది రాసుకోండి. మూడు క్రాస్‌లూ బయటికి పోయినందుకు దిగులుపడకండి, వచ్చే వారం ఆరు వేయించమనండి.

సందేహాల_పుట్ట

బంతి ఖరీదు ఎవరు ఇచ్చారు?

ఎడమకాలి_నాన్న

నేనే ఇచ్చాను. ఆరువందల యాభై.